హెచ్‌ఆర్ చదివితే యూనియన్‌కు ఎదురు నిలబడినట్టేనా?

ప్రశ్న: మాది గోదావరిఖని. డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. నాన్న సింగరేణి కార్మికుడు, ఎప్పటినుంచో యూనియన్ సభ్యుడు. ఎంబీఏ హెచ్‌ఆర్ (ఉద్యోగుల నియామకాలు, బాగోగులు చూసే విభాగం) చేస్తానంటే ‘మేనేజ్‌మెంట్ పక్షం పోతావా’ అంటున్నారు. హెచ్‌ఆర్ బాగుంటే యూనియన్‌తో పనే ఉండదని సీనియర్లు చెబుతున్నారు. ఏది నిజం?

జవాబు: సీనియర్ల మాట నమ్మకండి. 2024 సెప్టెంబరు 9న చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరులోని శామ్‌సంగ్ ప్లాంటులో సమ్మె మొదలైంది. యాజమాన్యం కార్మికుల కమిటీతో ఒప్పందం కుదుర్చుకుని నెలకు 5,000 రూపాయల ప్రోత్సాహకం, మరిన్ని ఏసీ బస్సులు ఇస్తామంది. హెచ్‌ఆర్ క్లాసులో మంచి పద్ధతులని చెప్పేవి ఇలాంటివే. అయినా సమ్మె 37 రోజులు సాగింది. జీతం పెంపుతో పాటు తాము పెట్టుకున్న యూనియన్‌కు గుర్తింపు కావాలని సమ్మెలో ఉన్న కార్మికులు పట్టుబట్టారు మరి. చివరికి 2025 జనవరిలో ఆ యూనియన్ రిజిస్టర్ అయింది.

ఫిర్యాదును వెంటనే విని, షిఫ్టులు, ప్రమోషన్లు న్యాయంగా చూసే హెచ్‌ఆర్ ఉంటే గొడవలు తగ్గుతాయి, అది నిజమే. అంతమాత్రాన యూనియన్ సభ్యత్వం తగ్గిపోదు. సింగరేణినే చూడండి. అక్కడ పర్సనల్ డిపార్ట్‌మెంటూ (హెచ్‌ఆర్ విభాగమే) ఉంది, యూనియన్లూ ఉన్నాయి. గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే యూనియన్) ఎన్నికల్లో 2017లో టీబీజీకేఎస్‌ను గెలిపించిన కార్మికులు 2023 డిసెంబరు 27న ఏఐటీయూసీని గెలిపించారు. సంఘాన్ని మార్చారు తప్ప సంఘమే వద్దనలేదు.

కాబట్టి మీ నాన్నగారి అనుభవం మీకు అడ్డు కాదు, పెట్టుబడి. రిక్రూట్‌మెంట్ చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు. యూనియన్ నాయకుడి ఎదురుగా కూర్చుని, చట్టం తెలిసి, మాట తప్పకుండా మాట్లాడగలిగేవాళ్లే తక్కువ. నా సలహా అయితే, కార్మిక చట్టాలకు, పారిశ్రామిక సంబంధాలకు పెద్దపీట వేసే కోర్సు ఎంచుకోండి. ఆంధ్రా యూనివర్సిటీ ఎంహెచ్‌ఆర్‌ఎం (హెచ్‌ఆర్‌లో పీజీ), ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కోర్సుల సిలబస్ చూడండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌ను (యూనియన్లు, సమ్మెలు, వివాదాలకు సంబంధించిన చట్టం) ఇప్పుడే చదవడం మొదలుపెట్టండి. 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఒకటికి మించి యూనియన్లుంటే, 51 శాతం, అంతకు మించి కార్మికుల మద్దతున్న దాన్నే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక యూనియన్‌గా గుర్తిస్తారు; దేనికీ అంత మద్దతు లేకపోతే యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. ఇంటర్వ్యూలో ఇవి అడుగుతారు. ఇంటర్న్‌షిప్ మాత్రం ఏసీ ఆఫీసులో కాకుండా ఫ్యాక్టరీలో చేయండి. ఈలోగా గనిలో ఒక ఛార్జ్‌షీట్ (తప్పు చేశాడంటూ కార్మికుడికి యాజమాన్యం ఇచ్చే నోటీసు) ఎలా నడుస్తుందో, యూనియన్ ఎక్కడ కల్పించుకుంటుందో నాన్నగారిని అడిగి రాసుకోండి.