బార్సిలోనాలో రూమ్ కోసం అత్తగారి ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను, మావారు ఇద్దరం టీచర్లం. దసరా సెలవుల్లో మా అత్తగారిని (68), బాబుని (12) తీసుకుని ఏడు రాత్రులు బార్సిలోనా వెళ్లొద్దామని మూడేళ్లుగా ఆర్‌డీ కట్టుకుంటూ వచ్చాం. ఫ్లైట్ టికెట్లు తీసేసుకున్నాం. ఉండడానికి లక్షా ముప్పై వేలు పక్కన పెట్టాం. మావారికి బార్సలోనెటాలో సముద్రానికి రెండు నిమిషాల దూరంలో ఫ్లాట్ నచ్చింది, మూడో అంతస్తు, రాత్రికి 210 యూరోలు, క్లీనింగ్ 90. మా ఆడపడుచేమో ఎయిర్‌పోర్ట్ వైపు ఎల్ ప్రాట్‌లో హోటల్ చూపించింది, రెండు రూములు కలిపి రాత్రికి 110. నాకు సాంట్స్ అనే ఏరియాలో వంటగది ఉన్న ఫ్లాట్ కనిపించింది, 145, క్లీనింగ్ 70. మావారి ఫ్లాటే తీసుకోవాలంటే అత్తగారి మోకాళ్ల ఆపరేషన్ కోసం వేసిన లక్ష రూపాయల ఎఫ్‌డీ బ్రేక్ చేయాలి. చేయమంటారా?

జవాబు: ముందు చేయాల్సింది చెప్పేస్తానండీ, లెక్క తర్వాత చూద్దాం. ఆ ఎఫ్‌డీ ముట్టుకోకండి, సాంట్స్ ఫ్లాట్ తీసుకోండి.

మీ ఉత్తరంలో మూడు రేట్లు రాశారు, 210, 110, 145 అని, ఇంట్లో వాదన కూడా ఆ మూడు అంకెల మీదే నడుస్తోందనుకుంటాను. కానీ మీ జేబులోంచి పోయేది రూమ్ రేటొక్కటే కాదు కదా, ఆ ఏరియాలో ఉండడం వల్ల రోజూ అయ్యే తిండి, తిరుగుడు, టాక్సీ, ట్యాక్సు అన్నీ కలిపి పోతాయి. ఆ మొత్తం కాగితం మీద పెడితే ఏది చవకో ఏది ఖరీదో తారుమారైపోతుంది. లెక్క సులువుగా ఉండాలని యూరోని వంద రూపాయలు అనుకుందాం, మీరు వెళ్లేనాటి రేటు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందు మీవారికి నచ్చిన బార్సలోనెటా ఫ్లాట్. 210 చొప్పున ఏడు రాత్రులకి 1470, క్లీనింగ్ 90. దీని మీద టూరిస్ట్ ట్యాక్స్ ఒకటి ఉంది, చాలామంది దీన్ని చూసుకోరు, అక్కడికెళ్లి తాళాలు తీసుకునేటప్పుడు విడిగా కట్టమంటారు. బార్సిలోనాలో మనిషికి రాత్రికి ఇంత అని వసూలు చేస్తారు, వరసగా ఏడు రాత్రుల వరకే, పిల్లలకి లేదు కాబట్టి మీ బాబుకి పడదు. ఫ్లాట్లకి 2025లో అది 6 యూరోల 25 సెంట్లు, ఈ మధ్య కొన్నేళ్లుగా పెంచుతూనే వస్తున్నారు, అందుకే నేను జాగ్రత్తగా 10 యూరోలు వేసుకుంటున్నా. ముగ్గురు పెద్దవాళ్లు, ఏడు రాత్రులు, 210. మొత్తం 1770 యూరోలు, అంటే లక్షా డెబ్బై ఏడు వేలు. మీరు పక్కన పెట్టినదానికంటే 47 వేలు ఎక్కువ.

ఇంత పెట్టినా ఏం వస్తుందో చూడండి. బార్సలోనెటా 1753 నుంచి కట్టుకుంటూ వచ్చిన పేట, సిటాడెల్ కోట కోసం ఇళ్లు కూలగొట్టిన జనానికీ, చేపలు పట్టుకునేవాళ్లకీ కట్టిన చిన్న చిన్న ఇళ్లు, తర్వాత జనం పెరిగి ఒక్కో ఇంటినీ నాలుగు ముక్కలు చేసుకున్నారు. అందుకే అక్కడ చాలా ఫ్లాట్లు ముప్పై చదరపు మీటర్ల దగ్గర్లోనే ఉంటాయి, మన లెక్కలో మూడొందల చిల్లర చదరపు అడుగులు, నలుగురికి అది. లిఫ్ట్ లేని బిల్డింగులు బోలెడు, మెట్లు కూడా ఇరుకు, నిటారు. మోకాళ్ల ఆపరేషన్ కోసం దాచిన డబ్బు తీసి, ఆ మోకాళ్లే రోజుకి రెండుసార్లు మూడంతస్తులు ఎక్కాల్సిన ఇంటికి అద్దె కట్టడం నాకు మనసొప్పడం లేదండీ. పైగా మీరు వెళ్లేది అక్టోబర్. సాయంత్రాలు చల్లబడతాయి, ఒక్కోరోజు గట్టి వానలు కూడా పడతాయి. సముద్రం చూడొచ్చు, బాబు కాళ్లు తడుపుకుంటాడు, కానీ రోజూ నీళ్లలో దిగేవాళ్లు కట్టే రేటు మీరు కట్టక్కర్లేదు. ఇసక మీదికి వెళ్లాలనిపించిన రోజున వెళ్లి రండి, బీచ్‌కి టికెట్ లేదు.

ఇప్పుడు ఆడపడుచు గారి హోటల్. 110 చొప్పున ఏడు రాత్రులకి 770, బార్సిలోనా ఊరు దాటాక ట్యాక్స్ తక్కువే కాబట్టి ఒక 40 వేసుకుందాం, 810. చూడగానే చాలా చవగ్గా కనిపిస్తుంది, నేనైనా మొదట దాన్నే పట్టుకుంటాను. కానీ అందులో వంటగది లేదు. పొద్దున్నే నలుగురు కాఫీ, క్రసాన్ అంటే 16 యూరోలు, ఏడు రోజులకి 112. రాత్రి భోజనం బయట మామూలు చోట తిన్నా నలుగురికి 60 దాటుతుంది, అదే ఫ్లాట్‌లో అన్నం, పప్పు, గుడ్డు కూర అయితే 15 లో అయిపోతుంది, అంటే రోజుకి 45 తేడా, వారానికి 315. ఇంకోటి కూడా ఉందండీ, అక్కడ హోటళ్లు రాత్రి భోజనానికి తెరిచేదే ఎనిమిదిన్నర, తొమ్మిదికి. మీ అత్తగారు ఏడున్నరకి తిని మందులేసుకునే మనిషైతే ఆ ఊళ్లో రోజూ ఇబ్బందే. ఇక మధ్యాహ్నం ఆవిడ కాసేపు నడుం వాల్చాలంటే అంత దూరం వెనక్కి వెళ్లలేరు కాబట్టి సాయంత్రానికి అలిసిపోయి టాక్సీ పిలుస్తారు, వారంలో నాలుగుసార్లు పిలిచినా ముప్పై అయిదు చొప్పున 140. అన్నీ కలిపితే 1377 యూరోలు.

మీ సాంట్స్ ఫ్లాట్ ఎంతంటే, 145 చొప్పున 1015, క్లీనింగ్ 70, ట్యాక్స్‌కి అదే 210. మొత్తం 1295. లక్షా ఇరవై తొమ్మిది వేల అయిదొందలు. మీరు పక్కన పెట్టిన లక్షా ముప్పైలో సరిపోయింది! చవకది అనుకున్న హోటల్ కంటే ఇదే ఎనిమిది వేలు తక్కువ పడింది. ఫ్లాట్‌లో పొద్దున పూట పాలు, బ్రెడ్డు ఖర్చు ఉంటుంది కదా అంటారేమో, ఉంటుంది, వారానికి ఓ ముప్పై నలభై యూరోలు వేసుకోండి, అయినా హోటలే ఎక్కువ అవుతుంది.

సాంట్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే టూరిస్టులు దాన్ని రైల్వే స్టేషన్ పేరుగా తప్ప ఊరి భాగంగా చూడరు. ఒకప్పుడు విడి ఊరు, బట్టల మిల్లులు, కార్మికులు, తర్వాత సిటీలో కలిసిపోయింది. ఇప్పటికీ అక్కడ ఉండేది ఎక్కువగా ఆ ఊరి కుటుంబాలే. కరేర్ డి సాంట్స్ అని పొడుగాటి షాపుల వీధి, పక్కనే మార్కెట్, కూరగాయలు, చేపలు, బేకరీలు, టూరిస్ట్ రేటు కాకుండా ఊరివాళ్లు కొనే రేటుకే దొరుకుతాయి. స్టేషన్ పక్కన పాత మిల్లు స్థలంలో కట్టిన పార్క్ ఉంది, ఎస్పాన్యా ఇండస్ట్రియల్ అని, అందులో పెద్ద డ్రాగన్ బొమ్మ, దాని మీంచి జారుడుబల్లలు, మీ బాబు వదలడు. పట్టాల మీద కప్పు వేసి ఆ పైన తోట పెంచిన చోటు ఒకటుంది, సాయంత్రం పెద్దవాళ్లంతా అక్కడే నడుస్తుంటారు. నడక కూడా చాలావరకు చదునే. సాంట్స్ స్టేషన్ నుంచి మెట్రో లైన్ 5 ఎక్కితే అయిదో స్టాప్ సగ్రాడా ఫామిలియా అనే పెద్ద చర్చి, మారాల్సిన పని లేదు. లైన్ 3 ఎక్కితే ప్లాసా ఎస్పాన్యా, రాంబ్లాస్, ప్లాసా కటలూన్యా అన్నీ వరసగా వస్తాయి. బీచ్‌కి కూడా లైన్ 3 లోనే ద్రసానెస్ దగ్గర దిగి రేవు వెంబడి మెల్లిగా నడవండి, లేదంటే పాసేజ్ డి గ్రాసియాలో లైన్ 4 కి మారాలి, ఆ మారే సొరంగం చాలా పొడుగు, అత్తగారితో వద్దు. పది ప్రయాణాల టీ-కాజువల్ కార్డు సుమారు 12, 13 యూరోలు, కానీ ఒకరి కార్డు ఇంకొకరు వాడకూడదు, నలుగురికీ నాలుగు తీసుకోండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు మాత్రం పొదుపు చేయకండి. సాంట్స్‌కి నేరుగా రైలు ఉంది, ఇరవై నిమిషాలు, కానీ అది రెండో టెర్మినల్ నుంచి, అరగంటకొకటి, మీ ఫ్లైట్ మొదటి టెర్మినల్లో దిగితే షటిల్ బస్సెక్కి అక్కడికి పోవాలి. ఎయిర్‌పోర్ట్ బస్సు అయితే మనిషికి ఏడు యూరోల పైచిలుకు, నలుగురికీ కలిపి ముప్పై దగ్గరికి వస్తుంది, టాక్సీ అయినా ముప్పై అయిదు నలభై. అంత తేడాకి పెట్టెలతో అవస్థ పడొద్దు.

ఇంకో రెండు ఏరియాల పేర్లు మీకు ఎవరో ఒకరు చెప్తారు. రవాల్ అంటారు, మనవాళ్ల సరుకులు దొరుకుతాయని. నిజమే, పాకిస్తానీ, ఇండియన్, బంగ్లాదేశీ షాపులు వరసగా ఉంటాయి, బియ్యం, పప్పు, అల్లం, కొత్తిమీర అన్నీ, లైన్ 3 లో లిసేవు స్టాప్ దిగి ఒకరోజు సంచి నింపుకుని రండి. ఉండడానికి మాత్రం పెద్దావిడతో నేను పంపను, రాత్రిళ్లు గోల ఎక్కువ, జేబు దొంగల బెడదా ఎక్కువే. గ్రాసియా అంటారు, చాలా అందమైన చోటు, కానీ పార్క్ గుయెల్ వైపు వెళ్లేకొద్దీ ఎత్తు ఎక్కాలి. ఒకవేళ సాంట్స్ ఫ్లాట్ చేజారిపోతే సాంట్ ఆంటోని గానీ ఎషాంప్లా ఎడమ వైపు గానీ చూడండి. ఎషాంప్లా అంటే సెర్దా అనే ఇంజనీరు 1859లో గీసిన ప్లాను ప్రకారం కట్టిన భాగం, వెడల్పు రోడ్లు, కూడళ్ల దగ్గర మూలలు కోసేసినట్టుండే బిల్డింగులు, నడకకి హాయి, ఓ పది పదిహేను యూరోలు ఎక్కువైనా పర్లేదు, అంతకు మించి వద్దు.

ఏ ఫ్లాట్ అయినా డబ్బు కట్టేముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి అడగాల్సినవి ఉన్నాయి. లిఫ్ట్ ఉందా, అది వీధి తలుపు దగ్గర్నుంచే మొదలవుతుందా అని అడగండి. నేను మా అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు యాడ్‌లో రెండో అంతస్తు అని ఉంది, సరే రెండే కదా అనుకున్నా, తీరా వెళ్తే నాలుగంతస్తుల మెట్లు. అక్కడి పాత బిల్డింగుల్లో కింద అంతస్తు తర్వాత ఎంత్రెసువేలో, ఆ పైన ప్రిన్సిపాల్, ఆ తర్వాతే ఒకటి అని లెక్క మొదలవుతుంది. మా నాన్న ప్రతి మలుపు దగ్గరా గోడ పట్టుకుని ఆగేవారు, మూడో రోజు నుంచి సాయంత్రాలు ఆయన బయటికే రాలేదు. అంత దూరం తీసుకెళ్లి ఆయన్ని గదిలో కూర్చోబెట్టాం. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

రెండోది లైసెన్సు. బార్సిలోనాలో టూరిస్ట్ ఫ్లాట్‌కి హెచ్‌యూటీబీ అని మొదలయ్యే నంబరు ఉండాలి. ఇళ్ల అద్దెలు పెరిగి ఊరివాళ్లు ఏళ్ల తరబడి గోల పెడుతున్నారు, 2014 వేసవిలో బార్సలోనెటా జనమే వీధిలోకి వచ్చారు, 2028 నవంబర్ కల్లా ఉన్న 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తామని సిటీ మేయర్ 2024లో ప్రకటించారు. నంబరు లేని ఫ్లాట్ ఎంత చవకైనా వద్దు, మధ్యలో క్యాన్సిల్ అయితే చివరి నిమిషంలో డబుల్ రేటుకి హోటల్ వెతుక్కోవాలి. ఉన్నన్నాళ్లూ రాత్రి పది తర్వాత గొంతు తగ్గించి మాట్లాడండి, పక్కింట్లో ఉండేది పొద్దున్నే పనికి పోయే మనుషులు.

మూడోది, వీసా స్టాంప్ పడేదాకా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే బుక్ చేయండి. డబ్బు తిరిగి రాని రేటు పది శాతం తక్కువ చూపిస్తారు, వీసా రాకపోతే లక్ష మొత్తం పోతుంది. వీసాకి ఎలాగూ 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి, అత్తగారి పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకి కవర్ ఉందో లేదో చదవండి, చాలా పాలసీల్లో ఉండదు. అక్కడ కార్డు గీకినప్పుడు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడుగుతుంది, ఎప్పుడూ యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల రేటు మీ నెత్తిన పడుతుంది. ఇక్కడి మామూలు క్రెడిట్ కార్డులు చాలావాటికి మూడున్నర శాతం దాకా మార్కప్ అని అదనపు ఛార్జీ, దాని మీద జీఎస్టీ, కాబట్టి ముందే యూరోలు వేసుకునే ఫోరెక్స్ కార్డు తీసుకెళ్లండి.

ఆదివారం సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, అక్టోబర్ 12 కూడా అక్కడ జాతీయ సెలవు. మీ తేదీలు అటు పడితే ముందురోజే పాలు, కూరగాయలు తెచ్చి పెట్టుకోండి.

ఇక ఎఫ్‌డీ. ముందే తీస్తే బ్యాంకులు మామూలుగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తాయి, లక్ష మీద అది పెద్ద మొత్తమేం కాదు, నా భయం దాని గురించి కాదు. తిరిగొచ్చాక ఆ 47 వేలు మళ్లీ కూడబెట్టడానికి మీకు ఏడాది పడుతుంది, ఆపరేషన్ ఆ ఏడాది వాయిదా పడుతుంది, ఆవిడ మిమ్మల్ని అడగను కూడా అడగరు. మీవారికి ఈ లెక్క చూపించండి. సముద్రం పక్కన ఉండాలన్న ఆయన కోరిక తప్పేం కాదు, వచ్చేసారి మీరిద్దరే వెళ్లేలా కొత్త ఆర్‌డీ మొదలుపెట్టమనండి. సాంట్స్ ఓనర్ నుంచి లైసెన్సు నంబరు, లిఫ్ట్ ఫోటో వచ్చాక నాకు పంపండి, డబ్బు కట్టేముందు ఒకసారి చూస్తాను.