ప్రభుత్వం మారిన సంగతి సరే, బీరువాలోని నోటీసు మాటేమిటి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా కాళ్ల మండలంలో ఒక గ్రామం. ఏడెకరాల వనామీ రొయ్యల చెరువులు సాగు చేస్తున్నాం. గత ప్రభుత్వ హయాంలో యూనిట్ రూపాయిన్నర చొప్పున కరెంటు వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు ఇచ్చిన రాయితీ మా చెరువులకు వర్తించదని, తేడా రూ.3,12,000 పదిహేను రోజుల్లో కట్టకపోతే సరఫరా నిలిపివేస్తామని విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) వారు ఉత్తరం పంపారు. ఎన్నికల్లో మేము ఏ పార్టీకి పనిచేశామో ఊరందరికీ తెలుసు. కొత్త ఇంధన విధానం కంపెనీలకే గాని రైతులకు కాదని అంటున్నారు. మా హక్కులు కాపాడుకోవడానికి హైకోర్టులో రిట్ వేయవచ్చా? సర్వీసు మా నాన్నగారి పేరిట ఉంది. ఆయన ఆరేళ్ల క్రితం కాలం చేశారు. ఈ నెల 3న తనిఖీ వాళ్లు వచ్చి ఆయన పేరిటే ఇంకో కాగితం ఇచ్చి వెళ్లారు. చనిపోయిన మనిషి పేరిట ఇచ్చినది చెల్లదని తెలిసినవారు చెబితే బీరువాలో పెట్టాం. దాని ఫోటో కూడా పంపుతున్నాం.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు ప్రభుత్వం గురించి, పార్టీల గురించి, మీకు జరిగిన అవమానం గురించి ఉన్నాయి. మీ కేసును తేల్చే సంగతి మాత్రం చివరి మూడు వాక్యాల్లోనే ఉంది. బీరువాలో పెట్టామన్న ఆ కాగితం విద్యుత్ చట్టం, 2003లోని 126వ సెక్షన్ కింద, అనధికారంగా వాడిన కరెంటుకు ఎంత కట్టాలో లెక్కగట్టి ఇచ్చిన తాత్కాలిక అసెస్‌మెంట్ ఉత్తర్వు. మీరు భయపడుతున్న రూ.3,12,000 ఉత్తరం కంటే మీరు పట్టించుకోని ఈ రూ.1,94,000 కాగితమే ముందుగా మీ మీదికి వస్తుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఫోటోలో కనిపించినంత వరకు తనిఖీ అధికారులు రాసినది ఇది. ఆక్వా సర్వీసు నుంచి తీగ లాగి, చెరువు గట్టు మీది ఫీడు గోడౌనుకూ, పట్టుబడి రోజుల్లో ఐసు కొట్టే మిషనుకూ కరెంటు వాడుతున్నారని, మంజూరైన అవసరానికి కాక వేరే అవసరానికి వాడటం అనధికార వినియోగం కిందికి వస్తుందని, పన్నెండు నెలల కాలానికి సంబంధిత కేటగిరీ టారిఫ్‌కు రెండింతలు లెక్కకట్టామని రాశారు. అభ్యంతరాలుంటే 15 రోజుల్లోగా తెలపమని కింద స్పష్టంగా ఉంది. మీరు నాకు ఉత్తరం రాసినది 19న. అంటే ఆ గడువు దాటిన మర్నాడు రాశారు, అది కూడా వేరే విషయం అడగడానికి.

నాన్నగారి పేరిట ఇచ్చిన నోటీసు చెల్లదని మీకు ఎవరు చెప్పారో గాని, వారు చట్టాన్ని తెరిచి చూడలేదు. ఈ తాత్కాలిక ఉత్తర్వును సర్వీసు ఎవరి పేరిట ఉంటే వారికే ఇవ్వాలని 126(2) చెప్పదు. ఆ స్థలం ఎవరి ఆధీనంలో, స్వాధీనంలో, నిర్వహణలో ఉందో ఆ వ్యక్తికి ఇవ్వాలంటుంది. చెరువులు మీ స్వాధీనంలో ఉన్నాయి, కాగితం మీ చేతికి వచ్చింది, పైగా దాని ఫోటోను మీరే తీశారు. పేరు తప్పన్న వాదన ఏ అప్పీలు అధికారి ముందూ పది నిమిషాలు నిలవదు. నిజానికి ఆ వాదన తెస్తే మీకే ఇబ్బంది. ఆరేళ్లుగా మరణించిన వ్యక్తి పేరిట సర్వీసు నడుపుతూ, పేరు మార్పిడికి ఒక్క దరఖాస్తు కూడా పెట్టలేదన్న సంగతి రికార్డులోకి ఎక్కుతుంది. ఏడెకరాల వనామీకి లక్షలు మదుపు పెట్టే రైతు, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి ఒక దరఖాస్తు ఇవ్వడానికి ఆరేళ్లు తీరిక లేదంటే ఏ అధికారి నమ్ముతాడు?

అయినా తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. తాత్కాలిక ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా, మీకు చెప్పుకునే అవకాశం ఇచ్చి, అసెసింగ్ అధికారి తుది ఉత్తర్వు జారీ చేయాలని 126(3) చెబుతోంది. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు గనుక, ఈ జవాబు చదివిన రోజునే లిఖితపూర్వకంగా అభ్యంతరాలు దాఖలు చేయండి, వ్యక్తిగత విచారణ కోరండి, ఒక నకలు మీద తేదీతో సహా రసీదు ముద్ర వేయించుకోండి. లైన్‌మన్‌తోనో, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితోనో నోటిమాటగా చెప్పి వచ్చామంటే అది దాఖలు చేసినట్టు కాదు.

అభ్యంతరాల్లో కన్నీళ్లు వద్దు, రుజువులు కావాలి. గోడౌను ఐదు నెలల క్రితమే కట్టామని మీరు ఒకచోట యథాలాపంగా రాశారు. మీ ఉత్తరం మొత్తంలో అంతకంటే విలువైన వాక్యం లేదు. అనధికార వినియోగం ఎంత కాలం జరిగిందో తేల్చగలిగితే ఆ కాలానికే లెక్కకట్టాలి. తేల్చలేనప్పుడు మాత్రమే తనిఖీ తేదీకి ముందు పన్నెండు నెలలకు పరిమితమై లెక్కకట్టాలని 126(5) చెబుతోంది. కాబట్టి గోడౌను ఎప్పుడు లేచిందో చూపించే ప్రతి కాగితం మీకు డబ్బుతో సమానం. సిమెంటు, రేకుల బిల్లులు, తాపీ మేస్త్రీకి ఫోన్‌పేలో పంపిన చెల్లింపులు, ఫీడు కంపెనీ సరుకును గోడౌనుకు దింపిన తేదీలున్న ఇన్వాయిస్‌లు, కడుతున్నప్పుడు సెల్‌ఫోన్‌లో తీసిన ఫోటోలు పోగుచేయండి. ఫోటోలను వాట్సాప్‌లో పంపించుకుంటే అసలు వివరాలు పోతాయి కనుక ఫోన్‌లోని అసలు ఫైలునే భద్రపరచండి. రెండేళ్ల నెలవారీ బిల్లులు కూడా జతచేయండి. గోడౌను వాడకం మొదలయ్యాక యూనిట్లు పెరిగి, అంతకు ముందు పెరగలేదని మీటరు రీడింగులే చూపిస్తే, మీ తరఫున మరొక సాక్షి అక్కర్లేదు.

రెండో అభ్యంతరం, సర్వీసు మొత్తం యూనిట్లకు రెండింతలు వేశారా, గోడౌనుకూ ఐసు మిషనుకూ పోయిన లోడుకే వేశారా అన్నది. ఫోటోలో లెక్క పట్టిక సగం మడతలో పోయింది. మొత్తానికి వేసి ఉంటే, చెరువు నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లకు వాడిన కరెంటు మంజూరైన అవసరానికే వాడినదని, మళ్లించిన లోడు మేరకే అసెస్‌మెంట్ ఉండాలని గట్టిగా వాదించండి. మూడోది, తీగ మీటరు దాటాకే తీసుకున్నదైతే ఆ సంగతి స్పష్టంగా రాయండి. మీటరుకు ముందు నుంచి తీసుకున్నారని తేలితే వ్యవహారం 126 నుంచి 135వ సెక్షన్‌కు, అంటే విద్యుత్ చౌర్యానికి మారిపోతుంది. అది క్రిమినల్ కేసు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత తేదీతో స్టాంపు కాగితం దొరుకుతుందని, గోడౌనును ఏడాది క్రితమే వేరొకరికి అద్దెకిచ్చినట్టు, వారు జనరేటరుతో నడుపుకుంటున్నట్టు రాయించుకుంటే బాధ్యత వారి మీదికి పోతుందని భీమవరంలో దస్తావేజులు రాసే రైటరు ఒకడు చెప్పాడని రాశారు. ఆ గుమ్మం మళ్లీ తొక్కకండి. ఏ కాగితం ఏ రోజున ఎవరికి అమ్మారో స్టాంపు వెండరు రిజిస్టరులో ఉంటుంది. తనిఖీ నాటి ఫోటోల్లో మీ తీగ ఉంది. ఆ కాగితాన్ని అధికారి ముందు పెట్టిన క్షణంలో మీరు రూ.1,94,000 సివిల్ బాధ్యతను వదిలించుకోవడానికి భారతీయ న్యాయ సంహిత కింద ఫోర్జరీ కేసును, దొంగ పత్రాన్ని అసలుదిగా వాడిన కేసును నెత్తికెత్తుకున్నట్టే. ఆ రైటరు అప్పుడు మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదంటాడు.

తుది ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే 30 రోజుల్లో 127వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. అసెస్ చేసిన మొత్తంలో సగం కట్టిన రుజువు లేకుండా ఆ అప్పీలును తీసుకోరు. కట్టకుండా కూర్చుంటే ఏడాదికి 16 శాతం చొప్పున, ఆరు నెలలకోసారి చక్రవడ్డీ పడుతుంది. సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదని 145వ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల కమిషన్‌కు వెళదామన్న ఆలోచన కూడా మానుకోండి. 126 కింద అసెస్‌మెంట్ మీద అక్కడ ఫిర్యాదు నిలవదని సుప్రీంకోర్టు 2013లో అనీస్ అహ్మద్ కేసులో తేల్చింది. చట్టం అప్పీలు దారి చూపించినప్పుడు ఆ దారిలో వెళ్లకుండా నేరుగా రిట్ వేస్తే, హైకోర్టు సాధారణంగా అప్పీలుకే పొమ్మంటుంది. ఈలోగా 30 రోజులు గడిచిపోతాయి.

ఇప్పుడు రూ.3,12,000 ఉత్తరం. ఇది రాయితీ తప్పుగా ఇచ్చామంటూ వెనుకటి కాలానికి వేసిన డిమాండు. రెండేళ్లు దాటిన బాకీ వసూలు చేయరాదని విద్యుత్ చట్టంలోని 56(2) చెబుతుంది కదా, ఇక కట్టనక్కర్లేదని మీ ఊళ్లో అనుకుంటున్నారట. అది సగం నిజం. తప్పు టారిఫ్ కోడ్ కింద 2009 నుంచి 2011 వరకు బిల్లులిచ్చి, 2014లో తేడా అడిగిన రహమతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో చెప్పినది ఏమిటంటే, బాకీ మొదటిసారి చెల్లించవలసినది అయ్యేది బిల్లు ఇచ్చిన రోజున, వినియోగించిన రోజున కాదు. పొరపాటు బయటపడితే, ఆ రెండేళ్ల గడువు దాటాక కూడా అదనపు బిల్లు వేయవచ్చు, కాని ఆ బాకీ కోసం సరఫరా నిలిపివేసే బలవంతపు మార్గం డిస్కంకు లేదు. 2021 అక్టోబరులో ప్రేమ్ కాటెక్స్ కేసులో అదే కోర్టు, లెక్కలో తప్పిపోయిన మొత్తాన్ని తర్వాత అడగడం సేవాలోపం కాదని డిస్కంల వైపు ఇంకాస్త మొగ్గింది. కనుక మీ డిమాండు మాఫీ అయిపోయిందని నేను చెప్పను. దాన్ని చూపించి కరెంటు కోయకుండా అడ్డుకోవడానికి మాత్రం మీకు మంచి ఆధారం ఉంది.

అడ్డుకోవడం ఎలా? 56(1) కింద 15 పూర్తి రోజుల లిఖిత నోటీసు లేకుండా సరఫరా నిలపరాదు. వివాదం తేలేవరకు, అడిగిన మొత్తాన్ని గాని, గత ఆరు నెలల సగటు చార్జీ ప్రకారం చెల్లించవలసిన మొత్తాన్ని గాని, ఏది తక్కువైతే అది, నిరసనతో చెల్లిస్తున్నామని రాసి కడితే సరఫరా నిలపకూడదు. ఆ 'నిరసనతో' అన్న మాట రసీదులోనో, వెంట ఇచ్చే ఉత్తరంలోనో తప్పక ఉండాలి. లేకపోతే ఒప్పుకుని కట్టినట్టవుతుంది. తెల్లవారుజామున రెండు గంటలు ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుందని, తర్వాత ఏ కోర్టు ఇచ్చిన స్టే కూడా దాన్ని బతికించదని మీకు నేను చెప్పనక్కర్లేదు. డబ్బు కట్టిన వెంటనే డిస్కం వారి వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు అర్జీ పెట్టండి. అక్కడ అనుకూలించకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ప్రభుత్వం మారితే హక్కు పోతుందా అన్న మీ అసలు ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. రాయితీ ప్రాథమిక హక్కు కాదు. సమానత్వ హక్కును చెప్పే రాజ్యాంగం 14వ అధికరణం పేరు చెప్పి, ఇకమీదట కూడా రూపాయిన్నరకే ఇవ్వాలని ఏ కోర్టునూ అడగలేరు. రేపటి నుంచి రాయితీని తగ్గించడం, ఆక్వా జోన్‌ను బట్టి, విస్తీర్ణాన్ని బట్టి పరిమితం చేయడం ప్రభుత్వ విధాన నిర్ణయం. 2004 మే 14న మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు ఎన్ని ప్రభుత్వాలు మారినా కొనసాగుతున్నదంటే అది కోర్టుల వల్ల కాదు, ఓట్ల వల్ల. అయితే నడిచిపోయిన కాలానికి, అప్పటి ఉత్తర్వు ప్రకారం బిల్లు వేసి, సొమ్ము తీసుకున్నాక, కొత్త ప్రభుత్వం అభిప్రాయం మారినంత మాత్రాన ఆ లెక్క తిరగబడదు. ఈ రాష్ట్రంలోనే దానికి పెద్ద ఉదాహరణ ఉంది. 2019లో వచ్చిన ప్రభుత్వం పాత సౌర, పవన విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు ఎక్కువని, వాటిని తగ్గించడానికి ఆ ఏడాది జూలై 1న జీవో 63 ద్వారా సంప్రదింపుల కమిటీ వేసింది. చివరకు 2022 మార్చి 15న హైకోర్టు ధర్మాసనం ఒప్పందంలోని ధరే చెల్లించాలని ఆదేశించింది. ఉత్పత్తి సంస్థలు గెలిచింది ప్రభుత్వం మారిందని వాపోయి కాదు, చేతిలో సంతకాలున్న ఒప్పందం ఉండి. మీ చేతిలో అలాంటి ఒప్పందం లేదు గనుక, బిల్లులే మీ ఒప్పందం. 2021 ఏప్రిల్ నుంచి ప్రతి బిల్లూ, దాని మీది కేటగిరీ కోడూ వెతికి తీయండి.

మరొక సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు. రాష్ట్ర ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును డిస్కంకు ముందుగా చెల్లించాలని 65వ సెక్షన్ అంటుంది. చెల్లించకపోతే ఆ రాయితీ ఆదేశం అమలు కాదు. కాని అప్పుడు కూడా పూర్తి టారిఫ్ వర్తించేది విద్యుత్ నియంత్రణ మండలి ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చిన తేదీ నుంచే. కాబట్టి ప్రభుత్వం సొమ్ము ఇవ్వలేదు గనుక మీరే కట్టండి అన్న మాట ఆ ఉత్తరం వెనుక ఉందేమో తెలుసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే దరఖాస్తు ఇచ్చి మూడు పత్రాల నకళ్లు అడగండి: మీ సర్వీసుకు రాయితీ వర్తింపజేసిన ఉత్తర్వు, వర్తించదని తేల్చిన ఉత్తర్వు, దానికి ఆధారమైన మండలి ఉత్తర్వు ఉంటే అది. మూడోది లేదని జవాబు వస్తే, వేదిక ముందు ఆ జవాబే మీకు బలమైన పత్రం.

ఇక 2024 అక్టోబరులో ప్రకటించిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం గురించి మీరు అడిగినది రాజకీయ చర్చకు పనికొస్తుంది గాని, మీ రెండు నోటీసుల్లో ఒక్కదానికీ జవాబు కాదు. ఆ విధానం పెట్టుబడులను ఆకర్షించడానికి ఉద్దేశించినది. అభ్యంతరాల పత్రంలో దాని ఊసుగాని, ఏ పార్టీ ఊసుగాని ఎత్తకండి. కక్షతో చేశారని ఆరోపించాలంటే ఫలానా అధికారి, ఫలానా తేదీ, ఫలానా చర్య అని చూపాలి, ఆ అధికారిని పేరుతో పార్టీగా చేర్చాలి. ఊరందరికీ తెలుసు అన్నది సాక్ష్యం కాదు.

గోడౌనుకు పోయే తీగను ఈ రోజే తీయించి, తీసినట్టు ఏఈ గారికి ఉత్తరం ఇచ్చి రసీదు తీసుకోండి. గోడౌనుకు వేరే సర్వీసు కోసం, చెరువుల సర్వీసు మీ పేరిట మార్చడం కోసం విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. మీ తమ్ముళ్లు అభ్యంతరం లేదని రాసిచ్చే పత్రం నోటరీ చేయించి, పేరు మార్పిడి దరఖాస్తుకు జతచేయండి. తాత్కాలిక ఉత్తర్వు లెక్క పట్టిక ఉన్న పేజీని మడత విప్పి మళ్లీ ఫోటో తీసి, ఈసారి కాళ్ల మండలం నుంచి నాకు కాకుండా, మీకు దగ్గరలో భీమవరంలోనో ఏలూరులోనో విద్యుత్ కేసులు చూసే న్యాయవాదికి చూపించండి. తుది ఉత్తర్వుకు ఉన్న 30 రోజుల లెక్కకు మీరు నాకు ఉత్తరం రాసిన రోజు మొదలు కాదు, 3వ తేదీ మొదలు.