ఫ్రాయిడ్‌కి పాట ఇవ్వకు

చి.ల.సౌ. అమ్మడికి,

అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

ఉద్యోగానికి సెలవు పెట్టి, మనసు జబ్బుల వైద్యుడు ఫ్రాయిడ్ రాసిన డోరా అనే రోగి కథ మీద సంగీత రూపకం కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మనింట్లో ఇంత పని నెత్తినేసుకున్న పిల్ల ఇంకొకతి లేదని పొంగిపోయాను. కాసేపటికే గుబులు పట్టుకుంది. ఎందుకో కిందకి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గంట దాటనివ్వకు. వాయిద్యాలు నాలుగైదు చాలు. మైకులవాడికి డబ్బంతా ముందే ఇచ్చేయకు.

అసలు సంగతి డోరా. వియన్నాలో, బెర్గ్‌గాసె 19లో ఫ్రాయిడ్ దగ్గర 1900 అక్టోబరులో వైద్యం మొదలయ్యేనాటికి ఆ పిల్లకి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. దగ్గు, ఉండుండి గొంతు పూర్తిగా పడిపోవడం. తండ్రి స్నేహితుడు తనతో తప్పుగా నడుచుకున్నాడని చెబితే ఇంట్లో నమ్మలేదు. ఫ్రాయిడ్ నమ్మాడు. నమ్మి ఏం చేశాడు? ఆ పిల్ల ఏ ముక్క చెప్పినా దానికి అర్థం తనే చెప్పేశాడు, నీకు లోపల వాడంటే ఇష్టమే అని కూడా. డిసెంబరు 31న వచ్చి, ఇదే ఆఖరు అని చెప్పి వెళ్లిపోయింది. మొత్తం కలిపి పదకొండు వారాలే. ఆమె నాలో ఎవరిని చూస్తోందో వేళకి పట్టుకోలేకపోయానని 1905లో అచ్చైన వ్యాసంలో ఆయనే రాసుకున్నాడు.

సంగీతం కట్టేవాళ్లకీ ఇదే జబ్బు. రేడియోలో నేను వీణ వాయించే రోజుల్లో ఒకాయన ఉండేవాడు, ఏడుపు సీను అనగానే "శివరంజని పట్టండి" అనేవాడు. పాత్ర నోరు తెరవకముందే వయొలిన్ ఏడ్చేసేది, ఇక ఆవిడ చెప్పడానికి ఏం మిగులుతుంది? అందుకే ఫ్రాయిడ్‌కి పాట వద్దు. మాటలు చాలు, అవీ పొడిగా. డోరా గొంతు పోయినచోట తంబురా కూడా ఆపెయ్. జనం ఇబ్బందిగా కదులుతారు, కదలనీ.

1941లో న్యూయార్క్‌లో కర్ట్ వైల్ 'లేడీ ఇన్ ద డార్క్' అని ఒక సంగీత నాటకం కట్టాడు. కథానాయిక మనోవిశ్లేషణకి, అంటే ఫ్రాయిడ్ తరహా వైద్యానికి వెళ్తుంది. చిన్నప్పటి పాట బాణీ గుర్తుంటుంది, మాటలు గుర్తుండవు. ఆ మాటలు దొరికేది చివర్లో. బాణీని అలా ఊరించి ఊరించి ఇవ్వు. డోరాకి వచ్చిన నిప్పంటుకున్న ఇంటి కల ఉంది కదా, తల్లి నగలపెట్టె తీసుకుందామంటుంది, తండ్రి ఒప్పుకోడు. తల్లిని మిశ్రచాపు తాళంలో నింపాదిగా నడిపించు, తండ్రికి ఆదితాళం రెండో కాలం, రెట్టింపు వేగంలో. బాగుంటుంది.

ఇప్పుడు నా గుబులు. పోయిన సంక్రాంతికి మా పిన్ని గురించి నేను చెప్పిందంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నావు. జోలపాట ఎత్తుకుని, ఎప్పుడూ రెండో చరణం దగ్గరే ఆగిపోయేది. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించారే గానీ, అక్కడ ఎందుకాగావే అని ఒక్కళ్లూ అడగలేదు. ఆ జోలపాట నీ రూపకంలో పెడుతున్నావని మీ అమ్మ నోరు జారింది. బుద్ధుందా నీకు? ఫ్రాయిడ్ పేరు మార్చే రాశాడు, అయినా ఆ పిల్ల ఇడా బావర్ అని ఇవాళ లోకమంతా చెప్పుకుంటోంది. మన బంధువుల్లో పిన్నిని గుర్తుపట్టడానికి పూట పట్టదు.

తిట్టానని ముఖం ముడుచుకోకు తల్లీ. ఆ ఆగిపోవడం నీ చెవిన పడినందుకే నువ్వంటే నాకు గర్వం. మనింట్లో పిన్ని పాట విన్నవాళ్లే లేరు. కానీ అనుమతి ఇవ్వాల్సింది నేను కాదు. ఆవిడ కూతురు బందరులోనే ఉంది. ఫోన్‌లో కాదు, వెళ్లి అడుగు. వద్దంటే ఇంకో బాణీ కట్టుకో, నీకు చేతకానిదేం కాదు.

రెండో అంకం అవగానే స్వరం రాసి పంపు. వాట్సాప్‌లో పాడి పంపితే నా చెవులకి ఆనడం లేదు. తంబురా అద్దెకి తేవద్దు, నాది మీ అన్నయ్య చేత పంపిస్తాను. సెలవయ్యాక ఉద్యోగం మానేస్తానన్న మాట మాత్రం మీ నాన్నకి నువ్వే చెప్పుకో, నన్ను మధ్యలోకి లాగకు.

ఇట్లు,
మీ అత్తయ్య