మెడల్స్ నాలుగున్నాయి సరే, ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకి కట్టారా?

ప్రశ్న: మా పాప సూర్యాపేట జిల్లాలో జడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. లెక్కల్లో చురుకు, సార్ బోర్డు మీద చేసేలోపే ఇంకో పద్ధతిలో చేసి చూపిస్తుందట. బయటి ఒలింపియాడ్‌లు రాయిస్తే నాలుగు గోల్డ్ మెడల్స్ వచ్చాయి. అవి చూసి టౌన్లో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు తొమ్మిదిలో ఫ్రీ సీటు ఇస్తామంటున్నారు. నాది చిన్న టైలరింగ్ షాపు. చేర్పించమంటారా? ఈ మెడల్స్ ముందుముందు పనికొస్తాయా?

జవాబు: ముందు మెడల్స్ సంగతి తేల్చేద్దాం. ఫీజు కట్టి రాసే ఆ పరీక్షల్లో చాలావాటికి తరగతి స్థాయిలోనే గోల్డ్ ఇచ్చేస్తారు, అంటే ఆ తరగతిలో పదిమంది రాస్తే వాళ్లలో ఫస్ట్ వచ్చినా మెడల్ వస్తుంది. పాప సంతోషపడింది, గోడకు తగిలించారు, మంచిదే. వాటిని చూసి రేపు ఏ కాలేజీ సీటివ్వదు. ఒకసారి నా దగ్గరికి ఒక అబ్బాయిని సంచీ నిండా మెడల్స్‌తో తీసుకొచ్చారు. ఒక లెక్క అడిగితే 'ఆప్షన్స్ ఏవి సార్?' అన్నాడు. వాడి తప్పేం లేదు, అప్పటిదాకా వాడికి అలాంటి పేపర్లే ఇచ్చారు మరి.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది మెడల్స్ కాదు, ఆ 'ఇంకో పద్ధతి'. ఇవాళ రాత్రి పాపను ఇది అడగండి: 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో కారణాంకాల లెక్క బేసిగా వచ్చేవి ఎన్ని? కాగితం ఇచ్చి వదిలేయండి, టైమ్ పెట్టొద్దు. 12కి 1తో 12, 2తో 6, 3తో 4 జతపడతాయి, 36 దగ్గరికొచ్చేసరికి 6కి 6 తప్ప జత దొరకదు. ఆ ముక్క తనంతట తాను పట్టుకుని 'వర్గాలే నాన్నా, పది' అంటే, ఆ పిల్లకి రావాల్సిన గుర్తింపు వేరే చోట ఉంది.

ఆ చోటు ఐఓక్యూఎం, అంటే ఇండియన్ ఒలింపియాడ్ క్వాలిఫయర్ ఇన్ మ్యాథమెటిక్స్. గణిత ఒలింపియాడ్‌కి అసలు గుమ్మం అదే, ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. 30 ప్రశ్నలు, మూడు గంటలు, ఆప్షన్స్ ఉండవు, జవాబుగా సంఖ్య వేయాలి. అది దాటితే ప్రాంతీయ స్థాయి ఆర్‌ఎంఓ, ఆపైన జాతీయ స్థాయి ఐఎన్‌ఎంఓ, అక్కడ లెక్క చేసిన తీరు మొత్తం రాసి చూపించాలి. ఐఎన్‌ఎంఓలో నెగ్గినవాళ్లను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ సీటు కోసం రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలుస్తుంది. ఐఐటీ కాన్పూర్ కూడా 2025 నుంచి ఒలింపియాడ్‌ల దారిలో కొన్ని సీట్లు ఇస్తోంది. పాత పేపర్లు ముంబయిలోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి సున్నా వచ్చినా కంగారుపడకండి, చాలామందికి అంతే.

ఇప్పుడు డబ్బుల విషయం. పాప ఎన్‌ఎంఎంఎస్, అంటే కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాస్తోందా? మీరు ఆ మాటే ఎత్తలేదు, అందుకే అడుగుతున్నా. ఎనిమిదో తరగతిలో ఒక్కసారే వచ్చే అవకాశం అది. ఏడులో 55 శాతం మార్కులు, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకుండా ఉంటే చాలు (ఎస్సీ, ఎస్టీలకు మార్కుల్లో 5 శాతం సడలింపు). మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000, అంటే నాలుగేళ్లకు 48,000 నేరుగా పాప ఖాతాలో పడతాయి. పదిలో మాత్రం 60 శాతం తెచ్చుకోవాలి.

అసలు మెలిక ఇక్కడుంది. ఈ స్కాలర్‌షిప్ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్లకే. తొమ్మిదిలో ప్రైవేటుకి మారితే పోతుంది. ఫ్రీ సీటు ఇస్తామన్నవాళ్లు ఈ మాట చెప్పరు. వాళ్లకు కావాల్సింది పదో తరగతి రిజల్ట్స్ రోజున సెంటర్లో కట్టే ఫ్లెక్సీ మీద మీ పాప ఫొటో. అందులో తప్పు పట్టడానికేం లేదు, వ్యాపారం. కాకపోతే ఫ్రీ అంటే ట్యూషన్ ఫీజేనా, పుస్తకాలు, బస్సు, యూనిఫాం కూడానా? పదిలో కూడా ఉంటుందా, మార్కులు తగ్గితే కట్టమంటారా? ఇవన్నీ కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వడానికి నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

నన్నడిగితే పదో తరగతి దాకా కదపను. 48,000 కోసమే కాదు. తన లెక్క ఆపి, పిల్ల చేసిన పద్ధతిని బోర్డు మీదకు రానిచ్చే మాస్టారు ఉన్నాడక్కడ. పొద్దున ఏడింటి నుంచి రాత్రి దాకా ఫౌండేషన్ క్లాసులు నడిచే చోట అంత ఓపిక ఎవరికుంటుంది? ఆయన్ని కలిసి, ఐఓక్యూఎం పేపర్లు వారానికి రెండు లెక్కల చొప్పున చేయించమని అడగండి. అన్నట్టు ఎవరైనా ఎన్‌టీఎస్‌ఈ (నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్ష) కోచింగ్ అని డబ్బులడిగితే కట్టకండి, ఆ పరీక్ష 2021 నుంచే ఆగిపోయింది.

ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు బడి నుంచే వెళ్తుంది, రేపే హెచ్‌ఎం గారిని కలవండి. పాప ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బడి రిజిస్టర్లో పొడి అక్షరమే ఉంటే ఎంపికయ్యాక కూడా డబ్బులు ఆగిపోతాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, తేడా ఉంటే పరీక్షకు ముందే మార్పించండి.