ఫోన్‌లో ట్రాన్స్‌మిటర్ ఎక్కడ దాక్కుంది?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాను సార్. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ సర్క్యూట్ అర్థమైంది. పాడైన సెల్‌ఫోన్ విప్పి చూస్తే చుట్టిన కాయిల్ లేదు, తిప్పే కెపాసిటర్ లేదు. మరి ట్రాన్స్‌మిటర్ ఎక్కడుంది? సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ ఎందుకు వేడెక్కుతుంది? పాత ఫోన్‌ని స్పీకర్ పక్కన పెడితే రింగ్ రాకముందే బుర్‌బుర్‌మని చప్పుడెందుకు వస్తుంది?
– ఒక విద్యార్థిని

జవాబు: విప్పి చూశారు కదా, సగం చదువు అయినట్టే. కాయిల్స్ ఉన్నాయమ్మా, కాకపోతే ఆవగింజంత చిప్ ఇండక్టర్లు. మిగతాదంతా రేకు మూత కింద ఉంటుంది.

ఎఫ్ఎంలో మాట నేరుగా క్యారియర్ (మాటను మోసుకెళ్లే రేడియో తరంగం) ఫ్రీక్వెన్సీని ఊపుతుంది. ఫోన్‌లో అలా కుదరదు. మాట ముందు అంకెలవుతుంది. 2జీ ఫోన్ మైక్ నుంచి సెకనుకు 8,000 శాంపిల్స్ (శబ్దం కొలతలు), ఒక్కోటి 13 బిట్లు తీసుకుంటుంది. అంటే సెకనుకు 1,04,000 బిట్లు. కోడెక్ అనే కుదింపు పద్ధతి దాన్ని 13,000కి తగ్గిస్తుంది. దారిలో పోయే బిట్లను సరిదిద్దుకోవడానికి మళ్లీ కొన్ని కలుపుతారు.

అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. బిట్ల లెక్కలు చూసే బేస్‌బ్యాండ్ చిప్ వాటిని ఐ, క్యూ అనే రెండు సిగ్నల్స్‌గా మారుస్తుంది. క్యారియర్‌ని ఫోన్ లోపలే పుట్టించే లోకల్ ఆసిలేటర్ తరంగాన్ని కూడా రెండుగా చీల్చి, ఒకదాన్ని 90 డిగ్రీలు వెనక్కి జరుపుతారు. ఐని ఒకదాంతో, క్యూని రెండోదాంతో మిక్సర్లు అనే రెండు సర్క్యూట్లలో విడివిడిగా గుణించి, వచ్చినవాటిని కలుపుతారు. ఐ, క్యూలను తగినట్టు మారిస్తే క్యారియర్ ఎత్తునీ ఫేజ్‌నీ (తరంగం తన చక్రంలో ఎక్కడుందో ఆ స్థానాన్నీ) కావలసిన చోట నిలబెట్టొచ్చు. ఈ ఒక్క బొమ్మ నోటుబుక్‌లో పదిసార్లు గీయండి. 2జీ నుంచి 5జీ దాకా చాలా ఫోన్లకు పునాది ఇదే.

ఫ్రీక్వెన్సీని ఎంచే తిప్పే కెపాసిటర్ పనిని ఇక్కడ పీఎల్ఎల్ (ఫేజ్ లాక్డ్ లూప్) అనే సర్క్యూట్ చేస్తుంది. 26 మెగాహెర్ట్జ్ లాంటి ఒక క్రిస్టల్‌ని ఆధారం చేసుకుని కావలసిన ఛానెల్‌ని తయారు చేస్తుంది. టవర్ సిగ్నల్‌తో పోల్చుకుంటూ తనను తాను దిద్దుకుంటుంది కూడా. 2జీ నిబంధన ప్రకారం తేడా కోటికి ఒక వంతు దాటకూడదు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది 90 హెర్ట్జ్ మాత్రమే.

ఇక వేడి సంగతి. అది ఎక్కువగా యాంటెన్నాకు పంపేముందు సిగ్నల్‌ని పెంచే పవర్ యాంప్లిఫయర్‌ది. చాలా ఫోన్లలో ఇది గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్‌తో చేసిన వేరే చిప్. 900 బ్యాండ్ 2జీ ఫోన్ గరిష్ఠంగా 2 వాట్లు పంపుతుంది, మామూలు 4జీ ఫోన్ 0.2 వాట్లు. అయితే ఎప్పుడూ అంత పంపదు. ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో టవర్ చెబుతూనే ఉంటుంది. 3జీలో ఆ ఆదేశం సెకనుకు 1,500 సార్లు వస్తుంది. టవర్ దూరమైతే యాంప్లిఫయర్ గరిష్ఠానికి పోతుంది, తాగిన కరెంటులో పెద్ద వాటా వేడిగా మారుతుంది. పైగా 4జీ తరంగం ఎత్తుపల్లాలు తెగిపోకుండా యాంప్లిఫయర్‌ని పూర్తి సామర్థ్యం కంటే కాస్త తగ్గించి నడపాలి. అందుకు వేడి మరికొంత పెరుగుతుంది.

యాంప్లిఫయర్ తర్వాత, పంపే సిగ్నల్‌నీ వినే సిగ్నల్‌నీ వేరుచేసే డూప్లెక్సర్ వస్తుంది. అదంటే నాకు ముచ్చట. చాలా 4జీ బ్యాండ్లలో ఫోన్ ఒకేసారి పంపుతుంది, వింటుంది. పంపేది 0.2 వాట్లయితే, వినేది దానిలో రెండు లక్షల కోట్లవ వంతు మాత్రమే ఉండొచ్చు. యాంటెన్నా మాత్రం ఒకటే! డూప్లెక్సర్‌లోని ఫిల్టర్ విద్యుత్ తరంగాన్ని స్ఫటికం మీద యాంత్రిక కంపనంగా మార్చి, కావలసిన ఫ్రీక్వెన్సీలనే దాటనిస్తుంది. 2జీకి ఈ తంటా లేదు. పంపే వేళ వేరు, వినే వేళ వేరు కాబట్టి ఒక స్విచ్ చాలు.

మీ బుర్‌బుర్ కూడా అందులోంచే పుట్టింది. 2జీలో ఒకే ఛానెల్‌ని ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారు. ఫోన్ 4.6 మిల్లీసెకన్లకోసారి, అర మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువసేపు పంపి ఆగిపోతుంది. అంటే సెకనుకు 217 సార్లు. స్పీకర్ యాంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్లు ఆ రేడియో పోట్లను డయోడ్‌లా రెక్టిఫై చేస్తాయి, అంటే తరంగంలో ఒక వైపునే మిగిల్చి పోట్ల లయను శబ్దంగా బయటపెడతాయి. 217 హెర్ట్జ్ మన చెవికి వినిపించేదే కదా. రింగ్ కంటే ముందే ఎందుకంటారా? కాల్ వచ్చిందని టవర్ పిలవగానే ఫోన్ జవాబు పంపాలి. రింగ్ మోగేది ఆ సంభాషణ అయ్యాకే.

మీ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ అనలైజర్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) ఉంటే చిన్న తీగ లూప్‌ని ఫోన్ యాంటెన్నా దగ్గర పెట్టి కాల్ చేయండి. ఫోన్‌ని 2జీలో ఉంచి, అనలైజర్‌ని జీరో స్పాన్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ కాలంతో ఎలా మారుతుందో చూపే అమరికలో) పెడితే ఆ పోట్లు వరుసగా కనిపిస్తాయి.