చిట్టీ, అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదువు

చిట్టీ,

ప్రమోషన్ వచ్చిందటగా, న్యూజెర్సీ వదిలి టెక్సాస్‌లో మా ఆస్టిన్ వచ్చేస్తున్నారట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే పొంగిపోయాను. ఆ వెంటనే రెండో ముక్క చెప్పింది: ఫోటోలు చూసి ఆస్టిన్ పక్కన హట్టోలో ఇంటికి అడ్వాన్స్ కట్టబోతున్నారని. అప్పట్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడట్లేదు.

టెక్సాస్ అంటే అంతా ఒకటే ఎండ, ఎక్కడైతేనేం అన్నాడట మీ ఆయన. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా ఇందులో సగం రావని చెప్పు. పడమర ఎల్ పాసో వైపు కొండలూ ఎడారీ, అక్కడ టైమే మాకన్నా గంట వెనక. ఉత్తరాన అమరిల్లోలో మంచు కురుస్తుంది. తూర్పున పైన్ అడవులు. హ్యూస్టన్ పల్లం, 2017లో హార్వీ తుఫానుకి ఎంత మునిగిందో టీవీలో చూసే ఉంటావు. వాటితో మీకు పని లేదనుకో. ఆస్టిన్‌లోనే ఉంది తిరకాసు. బాల్కోనెస్ ఫాల్ట్ అని, ఏనాడో నేల చీలిన గీత ఊరి మధ్యనుంచి పోతుంది. దానికి పడమర లీండర్, సీడర్ పార్క్ వైపు సున్నపురాయి గుట్టలు. తూర్పున హట్టో, మేనర్ వైపు నల్లరేగడి.

అవును, మన పర్చూరు నల్లరేగడిలాంటిదే. మీ పెదనాన్న కొంప ముంచుకున్నది ఇక్కడి ఆ తూర్పు వైపు నేలలోనే. ఇల్లు చూడ్డానికి వెళ్లినరోజు ఈయన గది ఒక్కటీ చూడలేదు. పెరట్లో మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, "అచ్చం మన చేను మట్టే" అని మురిసిపోయి సంతకం పెట్టేశారు. ఆ నేలలో గోడ లేపాలంటే పునాది లోతుగా తీసి ఇసుక పోయాలని మా మామగారు వందసార్లు చెప్పేవారు. ఆయన కొడుక్కే గుర్తు రాలేదు!

2011లో కరువొచ్చింది. ఆ ఏడు ఆస్టిన్‌లో 90 రోజులు ఎండ నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. పెరడంతా నెర్రెలిచ్చింది. ఆగస్టులో పడకగది తలుపు గడియ పడటం మానేసింది. తలుపు మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పగులు, రూపాయి బిళ్ల దూరేంత. ఈయనేం చేశారు? తలుపు ఊడదీసి గ్యారేజీలో చిత్రిక పట్టారు. చలికాలం వానలకి మట్టి ఉబ్బి ఇల్లు మళ్లీ లేచేసరికి అదే తలుపుకి వేలు పట్టే సందు! చివరికి ఫౌండేషన్ వాళ్లొచ్చి ఒకవైపు పునాది కింద ఇంటిని మోసే స్తంభాలు, పియర్లంటారు, దింపారు. నేల కదిలితే ఇన్సూరెన్స్ ఇవ్వదట, అది మాకు బిల్లు వచ్చాకే తెలిసింది. నువ్వు చదువుకునే రోజుల్లో మేం ఎందుకంత పిసినారులమో ఇప్పుడు అర్థమైందా? ఎండాకాలం వస్తే ఇప్పటికీ సాయంత్రాలు ఇంటి చుట్టూ చిల్లుల పైపు పరిచి, నారుమడికి పెట్టినట్టు పునాదికి నీళ్లు పెడుతుంటారు పాపం. వయసైపోయింది, వంగలేకపోతున్నారు.

అలాగని పడమరకి పరిగెత్తకు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడి సీడర్ చెట్ల పుప్పొడికి కళ్లూ ముక్కూ ఏకమవుతాయి. ఆ పుప్పొడి గాలికి ఊరంతా కొట్టుకొస్తుందనుకో, కానీ చెట్లు అటే ఎక్కువ. మీ ఆయనకి ఆయాసం ఉందిగా, ముందే డాక్టర్ని అడగండి. ఇంకోటి, ఆ రాళ్లల్లో నీరు త్వరగా ఇంకదు. అరగంట వాన పడితే చాలు, ఎండిన వాగు ఏరైపోతుంది. 2025 జులైలో అలాంటి గుట్టల సీమలోనే గ్వాడలూప్ నది పొంగి వందమందికి పైగా పోయారు, అందులో సమ్మర్ క్యాంపు పిల్లలు కూడా. ఆ వార్త చూసినప్పుడు నాకు మీ బుజ్జిదే కళ్లముందు మెదిలింది. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, అవతల ఆఫీసు మీటింగ్ ఉన్నా, కారు వెనక్కి తిప్పు. నామీద ఒట్టు.

ఇంటి అడ్రసు ఫెమా (ఇక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాపులో చూసుకో. మొదటి ఏడాది అద్దెకుండండి, ఒక ఆగస్టు, ఒక జనవరి గడిస్తే మీకే తెలుస్తుంది. జెర్సీ చలి చూశాం కదా అని ధీమా వద్దు. 2021 ఫిబ్రవరిలో కరెంటు లేక, పైపులు పగిలి ఇక్కడ జనం అల్లాడిపోయారు.

హట్టో ఇల్లే నచ్చిందంటావా, సరే, స్ట్రక్చరల్ ఇంజనీరు చూశాకే కొను. ఈలోగా మీ పెదనాన్న వెళ్లి ఆ వీధిలో నడిచి చూస్తానంటున్నారు. చుట్టుపక్కల ఇటుక గోడల మీద మెట్లు మెట్లుగా పగుళ్లుంటే ఆయన కళ్లు ఇట్టే పట్టేస్తాయి. శనివారం అడ్రసులు దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యి.

పెద్దమ్మ