కోర్టులో మాట కలపకే బుజ్జీ

బుజ్జీ,

కోర్టులో ఒకళ్ల మాట ఇంకొకళ్లకి తిప్పి చెప్పే ఇంటర్‌ప్రెటర్ లైసెన్సు పరీక్షకి కూర్చుంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది, ఆ వెంటనే గుండెలో దడ కూడా.

పదాలదేముంది, వస్తాయి. మిస్‌డిమీనర్ చిన్న నేరం, ఫెలనీ పెద్దది. అరెయిన్‌మెంట్‌లో అభియోగం చదివి ఏమంటావని అడుగుతారు. అక్కడ 'నాట్ గిల్టీ' అంటే 'నేను ఒప్పుకోను, మీరే రుజువు చేసుకోండి' అని. 'నేను అమాయకుణ్ణి' అని తిప్పావో, చంపేస్తా.

నా టెన్షన్ అంతా 'డిఫర్డ్ అడ్జుడికేషన్' గురించే. 2006లో ఇక్కడే టెక్సస్‌లో, ఒక కౌంటీ కోర్టుకి తెలుగు తిప్పి చెప్పడానికి సాయంగా వెళ్లాను. ఎమ్మెస్ చదివే కుర్రాడు, షాపులో చొక్కా దొంగిలించాడని కేసు. ఎవరిదో టై కట్టుకొచ్చాడు, ముడి చెవి కిందికి జారిపోయింది. లాయరు ఆ మాట అనగానే, డిఫర్డ్ అంటే వాయిదానే కదా అనుకుని, "కేసు వాయిదా వేస్తారు నాన్నా, ఏడాది బుద్ధిగా ఉంటే కొట్టేస్తారు, మచ్చ ఉండదు" అని చెప్పేశా. మచ్చ ఉండదని లాయరు అనలేదే! అది నేను కలిపింది.

అసలు దానికి ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా 'నో కాంటెస్ట్', అంటే పోట్లాడను అనాలి. జడ్జి దోషి అని ప్రకటించకుండా ఆపి షరతులు పెడతాడు. అవి పాటిస్తే కోర్టు కేసు కొట్టేస్తుంది, కానీ 1996 వలస చట్టం వచ్చాక ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది నేరం రుజువైనట్టే. పిల్లాడు అక్క పెళ్లికి వెళ్లి, చెన్నైలో వీసా స్టాంపింగ్ ఫారంలో అరెస్టయ్యారా, నేరం రుజువైందా అన్నచోట 'లేదు' అని పెట్టాడు. ఆంటీ మచ్చ లేదంది కదా మరి. వేలిముద్రల్లో దొరికిపోయాడు, చదువు అక్కడితో సరి. వాళ్ల నాన్న ఫోన్ చేసి "మీరు మంచికే చెప్పారమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నీకూ నా నోరే వచ్చింది. తమ్ముడికి దెబ్బలు పడకుండా మీ నాన్న దగ్గర వాడి మాటలు మార్చి చెప్పేదానివి, నాకు గుర్తులేదనుకోకు. మాట తెలియకపోతే జడ్జికే చెప్పు, పరువేం పోదు. "అక్కా, ఒప్పుకోమంటావా?" అని ముద్దాయి నిన్ను అడిగితే ఆ ప్రశ్ననే ఇంగ్లీషులో లాయరుకి వినిపించు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముందా అన్నది చెప్పాల్సింది లాయరేనని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది.

నా ఎర్రట్ట నోట్‌బుక్ పోస్టులో పంపించా. 'డి' పేజీలో వాయిదా అని రాసి కొట్టేసి ఉంటుంది, ముందు అది చూడు. పరీక్ష రోజు తిని వెళ్లు, ఖాళీ కడుపుతో నీకు కళ్లు తిరుగుతాయి.

పెద్దమ్మ